గోపాల్‌పూర్ రాతి రొయ్య కథ

గంజాం జిల్లా చరిత్ర అనగానే రాజులు, కోటలు, 1936 ఏప్రిల్ 1న మన ప్రాంతం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో చేరడం గుర్తుకొస్తాయి. నేను మాత్రం ఒక రొయ్య గురించి రాస్తున్నాను. అందులోనూ మన తీరం చరిత్ర ఉంది.

ఇంగ్లీషులో లాబ్‌స్టర్ అనే జీవిని మా ఇంట్లో రాతి రొయ్య అంటాం. పగలంతా రాళ్ళ సందుల్లో దాక్కుని, రాత్రి మేతకు బయటికొస్తుంది. పీతలాగే దీనికీ పది కాళ్ళు. అమెరికా లాబ్‌స్టర్‌కు ముందు రెండు లావాటి కరిచే కాళ్ళుంటాయి. మన సముద్రంలో దొరికేదానికి అవి లేవు, బదులు పొడవాటి ముళ్ళ మీసాలున్నాయి. దాని రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, అందుకే గాలి తగిలితే నీలంగా మారుతుంది. పెంకు పెరగదు కాబట్టి పాతది విడిచి కొత్తది తొడుక్కుంటూ పెద్దదవుతుంది. ఉడికిస్తే ఎర్రబడుతుంది. ఎర్రరంగు పెంకులో ముందే ఉంది, వేడికి బయటపడుతుంది, అంతే.

ఒకప్పుడు గోపాల్‌పూర్ పెద్ద రేవు. రంగూన్ వెళ్ళే ఓడలు దూరంగా లంగరు వేసేవి. కెరటాల మీదుగా మనుషుల్ని, సరుకుల్ని చేరవేసింది మన తెలుగు మత్స్యకారులే. వాళ్ళ పడవల్లో మేకులుండేవి కావు. పలకల్ని తాళ్ళతో కుట్టేవారు, అందుకే కెరటం కొట్టినా పగిలేవి కావు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ ఓడలు ఆగిపోయాయి. మిగిలింది వేటే.

మా తాతయ్య చిన్నప్పుడు వలలో రాతి రొయ్య పడితే పులుసు పెట్టుకునేవారట. అమెరికాలోనూ ఒకప్పుడు అది పేదల తిండే. డబ్బాల్లో నింపడం, రైళ్ళు, ఐసు వచ్చాక ధనికుల పళ్ళెంలోకి చేరింది. మన దగ్గరా ఎగుమతి మొదలయ్యాక అంతే అయింది. ఇప్పుడు మా ఇంట్లో పట్టేది మేమే, తినేది మాత్రం మేం కాదు!

పోయిన ఏడాది వలలో పొట్టకింద నారింజరంగు గుడ్లున్న ఆడ రొయ్య పడింది. తాతయ్య దాన్ని నీళ్ళలో వదిలేశారు.

“ఏటి నాన్నా, వల బాకీ ఇంకా తీరనేదు కదా!” అన్నాడు చిన్నాన్న.

“తీరదురా. కానీ దీన్నమ్మితే రేపు నీ కొడుకు ఏటి పడతాడు?” అన్నారు తాతయ్య.

చిన్నాన్న మాట్లాడలేదు. ఆ రోజు ఇంటికి డబ్బు తక్కువే వచ్చింది.

తర్వాత మా సారుని అడిగితే తెలిసింది. ఒక్కో ఆడ రొయ్య లక్షల గుడ్లు మోస్తుంది. పిల్లలు గాజు ఆకుల్లా నెలల తరబడి నీళ్ళలో తేలుతాయి. వాటిలో బతికేవి కొన్నే. అందుకే 2003లో కేంద్ర ప్రభుత్వం ఎగుమతికి కనీస బరువులు పెట్టింది. రకాన్ని బట్టి ముళ్ళ మీసాల రొయ్యలకు 200, 300, 500 గ్రాములు, చదునుగా ఉండే రకానికి 150 గ్రాములు.

పాత రేవు పోయింది, కుట్టు పడవలు పోయాయి. రాతి రొయ్య కూడా పోతే మా తమ్ముడు దాన్ని ఇలాంటి వ్యాసంలోనే చూడాలి. అందుకని మిత్రులారా, గుడ్లున్నది వలలో పడితే వదలమని ఇంట్లో చెప్పండి. డబ్బు నష్టమే, నాకు తెలుసు. అయినా చెప్పండి.