తుళ్ళని నీరు

వేసవిలో ఎండ 46 డిగ్రీలు దాటుట వింత గాని చంద్రపురమున కాపురముండువానికి, నీరు కంటబడినంతనే అందులోనికి దుముకవలెనను కోరిక పుట్టుట సహజము. ఒకప్పుడు చాందా యనిపించుకొన్న ఈ పట్టణమున, గోండురాజులు సుమారు ఏడున్నర మైళ్ళ చుట్టుకొలతతో కట్టించిన కోటగోడలోపల, రామాల చెరువు నేటికిని కలదు గాని, మురుగు చేరి చెడిన ఆ నీటిలో దిగుటకు ఇప్పుడెవరికిని మనసొప్పదు. చెరువు త్రవ్వించినవానికి ఆ నీటితో తడిసినంత భూమిని ధారపోయుదునని హీరశాహ అను గోండురాజు చాటించెనని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. ఆ విధమున చెరువు కట్టించినవారి కీర్తి మిగిలినది. గట్టుమీదినుండి దుమికినవారి పేర్లు మాత్రము ఎవరును వ్రాసి పెట్టలేదు.

నా దుముకులు చెరువులోనివి కావు, మోటబావిలోనివి. బల్లార్పూరు దాటి వార్ధానది కవతలనున్న రాజూరా 1956 వఱకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలోనిదే గనుక, ఆ వైపు పల్లెలలో తెలుగు వినబడుట నేటికిని వింత గాదు. అచట మేము వీపునకు మునగబెండ్లు కట్టుకొని ఈత నేర్చితిమి. బెండ్లు విప్పిన మఱునాటినుండియే మోటగిలక దూలమెక్కి, ఇద్దఱమొకరి చేయి నొకరు పట్టుకొని, ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కించి దుమికెడివారము. మూడనకముందే ఒకడు దుమికినచో రెండవవాడు చేయి లాగబడి బోర్ల పడెడివాడు. పొట్ట యెఱ్ఱగా కందెడిది. మా ఆటకొక్కటే ప్రమాణము: ఒరమీద కూర్చున్న పెద్దవారి పంచె తడిసెనా లేదా? తడిసినచో గెలుపు, తిట్లు ఆ గెలుపునకు సాక్ష్యము.

లోకమున పెద్ద పందెములుగా నడచు దుముకువిద్య సరిగా దీనికి తలక్రిందులైన ప్రమాణముమీద పెరిగినది. పందొమ్మిదవ శతాబ్దమున స్వీడను, జర్మనీ దేశముల వ్యాయామకారులు, వేసవి రాగానే తమ సాధనలను నీటియొడ్డునకు మార్చి, నేలమీద నేర్చిన పిల్లిమొగ్గలను ఎత్తైన మంచెలనుండి నీటిమీదికి వేయసాగిరి. వారి దృష్టిలో విద్య యంతయు గాలిలోనే యున్నది. నీరు కేవలము పఱుపు. ఈ తలంపు 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఒలింపిక్ క్రీడలలో పెద్ద తగవునకు దారితీసెను. జర్మను వీరులు మిక్కిలి కఠినమైన మొగ్గలు వేసిరి గాని నీటిని చేరునప్పుడు బోర్లనో వెల్లకిలనో పడుచుండిరి. నీటిలో దిగిన తీరు లెక్కలోనిది కాదని వారు, అదియే లెక్కలోనిదని అమెరికావారు వాదించిరి. జార్జి షెల్డను అను అమెరికావానికి ప్రథమస్థానము దక్కెను. జర్మనుల నిరసన నెగ్గలేదు. నాకు జర్మనుల పక్షమున కొంత జాలి కలదు, ఏలయన నేనును బోర్లపడినవాడనే. కాని ఆ తగవులో గెలిచిన పక్షమే ఈ విద్యయొక్క తరువాతి చరిత్ర నంతయు నిర్ణయించినదని యొప్పుకొనక తప్పదు.

నాటినుండి నీటి తుంపర తగ్గుచునే వచ్చినది. నేటి వీరుడు పది మీటర్ల మంచెనుండి గంటకు 50 కిలోమీటర్ల వేగముతో క్రిందికి వచ్చుచు, కడపటి క్షణమున తల దాటునట్లు చేతులు చాచి, ఒక అరచేతిని రెండవదానితో పట్టి, వ్రేళ్ళమొనలతో గాక అరచేయి బల్లపరుపుగా నీటిని కొట్టును. ఆ దెబ్బకు నీటిలో ఒక రంధ్రమేర్పడును. భుజములు, నడుము, మడమలు వరుసగా ఆ రంధ్రముననే దిగిపోవును. అప్పుడు వినబడునది ‘ధబ్బు’మను మోత గాదు, అంగడిలో గుడ్డ చింపినప్పటి చఱ్ఱుమను శబ్దము, ఆ విద్యలోనివారు దానికి పెట్టిన పేరున కర్థము కూడ చింపుటయే.

ఒక్కనికే యింత కష్టమైనదానిని ఇద్దఱు ఒక్కమాఱుగా చేయవలెనను పందెము మాత్రము మిక్కిలి క్రొత్తది. 1995లో అట్లాంటా ప్రపంచకప్పులో మొదలై, 1998లో పెర్తు ప్రపంచపోటీలను దాటి, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో చేరినది. పురుషుల మంచె పందెమున అచట రష్యావారైన లుకాషిన్, సౌతిన్ జంట గెలిచెను. తరువాత 2004 మొదలు నాలుగు ఒలింపిక్సులలో చైనావారే గెలిచిరి. ఈ పందెమున ఆఱు దుముకులు, పదునొకండుగురు న్యాయనిర్ణేతలు. వీరిలో ముగ్గురు ఒకనిని, ముగ్గురు రెండవవానిని చూచుచుండగా, తక్కిన యైదుగురు ఏ యొక్కని నేర్పును పట్టించుకొనక, ఇద్దఱి నడుమ నున్న పొత్తును మాత్రమే కనిపెట్టుదురు: కాళ్ళు మంచెను విడిచిన క్షణము, లేచిన యెత్తు, మొగ్గ తిరిగిన వేగము, నీటిని తాకిన కోణము. టోక్యోలో 2021 జూలైలో, నాలుగవ దుముకున చైనాజంట తడబడగా, బ్రిటనువారు టామ్ డేలీ, మ్యాటీ లీ 471.81 పాయింట్లతో గెలిచిరి, భేదము 1.23 మాత్రమే.

మనదేశమునకు ఈ విద్య పరాయిది కాదు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో కె.పి. ఠక్కర్ పలకమీదినుండియు మంచెమీదినుండియు రెండు స్వర్ణపతకములు గెలిచెను. 2010లో అదే ఢిల్లీలో కామన్వెల్తు క్రీడలు జరిగినప్పుడు, శ్యామాప్రసాద్ ముఖర్జీ ఈతకొలనున, పదునాఱేండ్ల డేలీ మ్యాక్స్ బ్రిక్కుతో కలసి ఈ జంటపందెమున గెలిచెను. ఆతిథ్యమిచ్చితిమి గాని పతకములు అతిథులవే యయ్యెను. దీనికి కారణము మన బాలురకు ధైర్యము లేకపోవుట గాదు, మంచె క్రింద నుండవలసిన అయిదు మీటర్ల లోతుగల నిర్మలమైన నీరు, ప్రక్కన నిలిచి తప్పు దిద్దు గురువు, ఈ రెండును ఒక్కచోట దొరకకపోవుట.

టోక్యో పందెమును నేను టెలివిజనులో చూచుచుండగా, రాజూరా వైపునుండి వచ్చిన మా పెదనాన్న ప్రక్కన కూర్చుండి తానును చూచెను. ఒకనాడు ఒరమీద పంచె తడిసి మమ్ము తిట్టినవాడాయనయే. ఇద్దఱు మూడున్నర మొగ్గలు తిరిగి చఱ్ఱున నీటిలో దిగిరి; పైన నాలుగు బుడగలు మాత్రము తేలినవి. ఆయన కొంతసేపు తెరవైపే చూచి, నావైపు తిరిగి, “నీళ్ళే లేవలేదు గదరా! నిజంగా దుమికిన్రా?” అని యడిగెను.