ఉప్పు, నీరు, పొర: విసరణ, ద్రవాభిసరణ

యానాం ప్రాంతంలోని దరియాలతిప్ప గౌతమీ గోదావరి తీరాన, సముద్రానికి చేరువలో ఉన్న గ్రామం. ఉప్పునీరు, మంచినీరు కలిసే ఇటువంటి చోట రెండు ప్రకృతి సూత్రాలు నిత్యం పనిచేస్తూ ఉంటాయి. ఎండుచేప నిలువ ఉండటానికీ, మడచెట్టు బతకడానికీ, విరేచనాలతో నీరసించిన పసిబిడ్డ కోలుకోవడానికీ ఇవే ఆధారం.

విసరణ

అణువులు ఎక్కువగా ఉన్న చోటి నుండి తక్కువగా ఉన్న చోటికి తమంతట తామే వ్యాపించడమే విసరణ. నానిన సబ్జా గింజల చుట్టూ ఏర్పడే జిగురు, జున్ను వంటి పదార్థాలను జెల్‌లు అంటారు. వీటిలో సన్నని వలవంటి అల్లికలో నీరు చిక్కుకొని ఉంటుంది. ఉప్పు, పంచదార ఆ సందుల గుండా సులువుగా సాగిపోతాయి. మాంసకృత్తుల వంటి పెద్ద అణువులు మెల్లగా కదులుతాయి. అల్లిక బిగువైతే ఆగిపోతాయి. ఈ భేదాన్ని ఆధారం చేసుకొని 1861లో థామస్ గ్రాహం పదార్థాలను వేరుచేసి, ఆ పద్ధతికి డయాలసిస్ అని పేరు పెట్టాడు. మూత్రపిండాల రోగులకు నేడు చేసే డయాలసిస్‌కు మూలం ఇదే.

విసరణ దూరం రెట్టింపైతే పట్టే కాలం సుమారు నాలుగింతలవుతుంది. పెద్ద చేపను చీల్చి ఉప్పు పట్టించడంలోని ఆంతర్యం ఇదే.

ద్రవాభిసరణ

నీటిని పోనిచ్చి, అందులో కరిగిన పదార్థాన్ని అడ్డగించే పొరను విచక్షణా త్వచం అంటారు. పలుచని ద్రావణం నుండి చిక్కని ద్రావణంలోకి ఈ పొర గుండా నీరు ప్రవహించడమే ద్రవాభిసరణ. ఫ్రెంచి శాస్త్రవేత్త నోలె 1748లో దీనిని పంది మూత్రాశయపు పొరతో గమనించాడు. కోడిగుడ్డును వెనిగర్‌లో ఉంచి పెంకు కరిగించి, మంచినీటిలో వేస్తే ఉబ్బుతుంది. చిక్కని ఉప్పునీటిలో వేస్తే ముడుచుకుంటుంది. ఉప్పు చేపలోని నీటినీ, దానిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులలోని నీటినీ ఇలాగే లాగివేస్తుంది.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మడచెట్ల వేళ్ళు అందులో అధికభాగాన్ని లోనికి రానీయవు. తెల్లమడ వంటి జాతులు మిగిలిన ఉప్పును ఆకుల ద్వారా విసర్జిస్తాయి.

ప్రాణం నిలిపే కొలత

విరేచనాలలో నీటితోపాటు లవణాలూ పోతాయి. చిన్నప్రేగు గోడలోని కణాలు గ్లూకోజును, సోడియంను జంటగా గ్రహిస్తాయి. వాటి వెంట నీరు లోనికి వస్తుంది. అందుకే ఓ.ఆర్.ఎస్.లో ఉప్పు, గ్లూకోజు రెండూ ఉంటాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణంతో ఎందరినో కాపాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఉప్పు, గ్లూకోజు పాళ్ళను తగ్గించి మిశ్రమాన్ని సవరించింది.

పొట్లంపై సూచించిన నీటిలో పొట్లమంతా ఒకేసారి కలపాలి. నీరు తగ్గిస్తే ద్రావణం చిక్కబడి, ఒంటిలోని నీటినే ప్రేగులోకి లాగుతుంది. తీపి ఎక్కువైన శీతల పానీయాలతోనూ ఇదే ప్రమాదం. పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో 6 సమతలపు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు కలపాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటలు దాటితే వాడరాదు. తల్లిపాలు మానరాదు. కళ్ళు లోతుకుపోయినా, బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మలంలో రక్తం కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.