మూసుకోని కన్ను: నెల్లూరు తీరం నుంచి రాయవేలూరు దాకా

ఈరోజు టాపిక్ మన మొహం. ఒకసారి సెల్ఫీ కెమెరా ఆన్ చేయండి. కనుబొమలు పైకెత్తండి. కళ్లు గట్టిగా మూయండి. బుగ్గల్లో గాలి నింపండి. పళ్లు కనిపించేలా నవ్వండి. ఇప్పుడు రెండు కణతల మీద వేళ్లు పెట్టి పళ్లు బిగించండి. వేళ్ల కింద ఏదో ఉబ్బింది కదా? దాన్ని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో హీరో అదే.

మొదటి నాలుగు పనులూ చేసినవి ముఖ కండరాలు. ఒక్కో పక్క సుమారు 20 ఉంటాయి. చేతి కండరాలు ఎముకను లాగుతాయి, ఇవేమో చర్మాన్ని లాగుతాయి. అందుకే నవ్వితే బుగ్గ సొట్ట పడుతుంది, కోపమొస్తే నుదురు ముడత పడుతుంది. ఒక పక్క కండరాలన్నిటికీ ఒకటే నరం. ఏడో నంబరు, ముఖ నరం. చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టం లోంచి వచ్చి, బుగ్గలోకి దిగి ఐదు కొమ్మలుగా విడిపోతుంది. బ్యాకప్ లైన్ లేదు. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఇలాంటి డిజైన్ ఎవరైనా తెస్తే రివ్యూలోనే ఆపేసేవాళ్లం. కణత దగ్గర ఉబ్బిన కండరానిది మాత్రం వేరే కనెక్షన్. అది నమిలే కండరం, దాని నరం ఐదో నంబరు.

ఈ కదలిక నరం గురించి లండన్‌లో చార్లెస్ బెల్ అనే సర్జన్ 1821లో రాయల్ సొసైటీకి పత్రం ఇచ్చాడు. బెల్స్ పాల్సీ అన్న పేరు ఆయనదే. జబ్బు మాత్రం చాలా పాతది. చరక, సుశ్రుత సంహితల్లో దాని పేరు అర్దితం. మన దగ్గర మూతి వంకర పోయింది అంటారు. చల్లగాలి కొట్టిందంటారు, పసరు వేయిస్తారు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది కాబట్టి పేరు పసరుకి వస్తుంది!

కానీ ఇక్కడ టైమ్ ముఖ్యం. మూతి వంకర పోయినా కనుబొమ మామూలుగా పైకి లేస్తుంటే సమస్య మెదడులో ఉండొచ్చు, అంటే పక్షవాతం. ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆదేశాలు వస్తాయి. నుదురు కూడా కదలకపోతే నరం దెబ్బతిన్నట్టు. అయితే ఇది ఇంట్లో తేల్చుకునే పని కాదు, ఏదైనా సరే వెంటనే ఆసుపత్రికే. బెల్స్ పాల్సీ అయితే 72 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెట్టాలి. 2007లో వచ్చిన స్కాట్లాండ్ పరిశోధనలో స్టెరాయిడ్ వాడినవాళ్లలో 9 నెలలకు 94 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. వాడనివాళ్లలో 82 శాతం.

అందరూ మూతినే చూస్తారు. అసలు ప్రమాదం కంటికి. మైపాడు బీచ్‌లో సాయంత్రం గాలికి రెప్ప వేయకుండా ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఉప్పు, ఇసుక, మంట. అలా రోజంతా, ఏళ్ల తరబడి తెరిచే ఉండే కన్ను ఉంటే?

కుష్ఠు వ్యాధిలో అదే జరిగేది. ఆ బ్యాక్టీరియాకి చల్లగా ఉండే భాగాలు ఇష్టం. చర్మానికి దగ్గరగా, చెంప ఎముక మీదుగా రెప్పకు వెళ్లే కొమ్మ దానికి సులువుగా దొరుకుతుంది. రెప్ప మూతపడదు. ఇంకా ఘోరం ఏందంటే, ఐదో నరం కొమ్మ కూడా దెబ్బతింటే కంట్లో ఇసుక పడినా తెలీదు. కంటి నల్లగుడ్డు పుండు పడి చూపు పోతుంది. అప్పటికే చేతులకు స్పర్శ లేని మనిషి, తడుముకునైనా బతకలేడు.

దానికి తోడు చట్టం. 1898 నాటి బ్రిటిష్ కుష్ఠు చట్టం అమల్లో ఉన్న చోట, కుష్ఠు ఉన్న బిచ్చగాడిలా ‘కనిపించిన’ మనిషిని పోలీసు వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. కనిపిస్తే చాలు. అంటే మొహమే సాక్ష్యం. 1940ల్లో చెంగల్పట్టులో రాబర్ట్ కోక్రేన్ సల్ఫోన్ మందులు వాడి చూశాక జబ్బుకు దారి దొరికింది. కానీ మందు బ్యాక్టీరియాని చంపుతుంది, ఊడిన కనుబొమని, పడిపోయిన రెప్పని తిరిగి తేలేదు. జబ్బు తగ్గినా మొహం మాత్రం ఇంకా ఉందనే చెప్పేది.

అప్పటికి మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది, 1953 అక్టోబర్ 1 దాకా. పెద్ద జబ్బంటే రాయవేలూరు పోవడం ఇప్పటికీ మనకు అలవాటే కదా. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చాడు. కొల్లిమలల్లో పుట్టినవాడే. కోక్రేన్ దగ్గర రోగుల చేతులు చూసి, కుష్ఠు వైకల్యాలకు ఆపరేషన్లు మొదలుపెట్టాడు. ఆయన భార్య మార్గరెట్ కంటి డాక్టర్. 1955లో పక్కనే కరిగిరిలో కుష్ఠు పరిశోధనా ఆసుపత్రి వచ్చింది.

ఇక మన హీరో దగ్గరికి వద్దాం. కణత కండరంలో ఒక పట్టీ తీసి, దాని చివరను రెండు పాయలు చేసి, పై రెప్పలోంచి ఒకటి, కింది రెప్పలోంచి ఒకటి ముక్కు పక్క దాకా లాగి కుడతారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మొహాలు బాగుచేసిన హెరాల్డ్ గిల్లీస్ 1930ల్లో ఈ పద్ధతి చూపించాడు. ఐదో నరం నమిలే కొమ్మ బాగానే ఉంటుంది కాబట్టి, పళ్లు బిగిస్తే కన్ను మూసుకుంటుంది! అన్నం తింటుంటే ముద్ద ముద్దకీ రెప్ప కొట్టుకుంటుంది. మిగతా టైమ్‌లో మాత్రం గుర్తుపెట్టుకుని పళ్లు బిగించాల్సిందే. మనం ఆలోచించకుండా చేసే పనిని వాళ్లు రోజంతా సాధన చేసి నేర్చుకున్నారు. నాకు తెలిసిన హ్యాక్స్‌లో ఇంత అందమైనది లేదు. తల చర్మం ముక్కతో కనుబొమలు కూడా పెట్టేవాళ్లు. తల వెంట్రుకలు కదా, పెరుగుతూనే ఉంటాయి, కత్తిరించుకోవాలి.

తర్వాత సంగతులు త్వరగా చెప్తా. 1980ల్లో రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. 2005 చివరికి దేశంలో రేటు 10,000 మందికి ఒకటి కంటే తగ్గింది. 1898 చట్టం రద్దయింది ఎప్పుడో తెలుసా? 2016లో. కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలు 2019లో తీసేశారు. మందు కంటే చట్టం దశాబ్దాలు వెనక నడిచింది.

జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. నెల్లూరులో డేమియన్ ఫౌండేషన్ కేంద్రం ఉంది, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందులు ఉచితం. స్పర్శ లేని మచ్చ కనిపించినా, రెప్ప బలం తగ్గినా ఆరు నెలలు దాటకముందే వెళ్తే నరం తేరుకునే అవకాశం ఉంది, ఆపరేషన్ దాకా పోనక్కర్లేదు.

నెక్స్ట్ ఎపిసోడ్ బకింగ్‌హాం కాలువ మీద. బై.