జప్తుకు అందనివి

డిక్రీ, జప్తు, అమీనా, వాయిదా, ఐ.పి. అను మాటలు చదువురానివారి నోట కూడ నిత్యము వినబడుచుండును. ఐనను ఆ మాటల వెనుకనున్న హక్కులు మాత్రము ఇంటింటికి చేరలేదు. కోర్టు కాగితము వచ్చినదనగానే అప్పుపడినవాడు ఊరు విడుచుటో, నోటీసు పుచ్చుకొనక తప్పించుకొనుటో చేయును. న్యాయస్థానము తన్ను నిలువున దోచుటకే యున్నదని అతని తలంపు. ఋణచట్టముల చరిత్ర ఈ తలంపును సమర్థింపదు. మొదట ఋణస్థుని దేహముమీదికి పోయిన చట్టము, పిమ్మట అతని ఆస్తికి మరలినది. ఆ ఆస్తిలోను బ్రతుకుతెరువునకు వలసినది విడిచిపెట్టుట నేర్చినది.

ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము అను అయిదు ఉపాయములచేత ఋణదాత తన సొమ్ము రాబట్టుకొనవచ్చునని మనుస్మృతి చెప్పినది. వాకిట కూర్చుండి నిర్బంధించుట మొదలైనవి ఆచరితమున చేరినవి. పదుమూడవ శతాబ్ది చివర కోరమండల తీరమునకు వచ్చిన మార్కోపోలో ఇట్టి వింత నొకదానిని వర్ణించెను. ఋణదాత అప్పులవాని చుట్టు నేలపై గీత గీసినచో, బాకీ తీర్చక వాడు ఆ గీత దాటరాదట. రాజు సైతము అందుకు బద్ధుడైయుండెనట. వ్యవహారశాస్త్రము మన భాషకును క్రొత్త కాదు. విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

దేహమును పట్టుట మన దేశమునకే చెల్లినది కాదు. 1824లో చార్లెస్ డికెన్సు తండ్రి లండనులోని మార్షల్సీ చెరసాలలో ఉండుటకు కారణము అప్పే. ఆంగ్లేయుల పాలనలో 1859లో వెలసిన సివిల్ ప్రొసీజరు కోడు కూడ ఋణస్థుని జైలునకు పంపుటకు వీలిచ్చెను. 1875లో దక్కను రైతులు వడ్డీవ్యాపారుల పత్రములను తగులబెట్టిరి. ఆ అలజడి ఫలితముగా వచ్చిన 1879 నాటి చట్టము ఆ జిల్లాల రైతులను అప్పుకొరకు ఖైదు చేయరాదనెను. 1888లో స్త్రీలకు ఈ మినహాయింపు లభించెను. నేటికిని సొమ్ము డిక్రీకై స్త్రీని అరెస్టు చేయరాదు. 1936లో మరియొక సవరణ వచ్చెను. ఋణస్థుడు పారిపోవ జూచినను, ఆస్తిని దాచినను, చెల్లించు శక్తియుండి చెల్లింపకున్నను తప్ప అతనిని నిర్బంధింపరాదని దాని సారాంశము.

తెలంగాణమున కథ వేరు. అచ్చట అప్పు కోర్టు మెట్లెక్కుట అరుదు. భగేలా అను పద్ధతిలో ఋణస్థుడే దొరయింట తాకట్టుపడి, తీరని వడ్డీకి తండ్రి వెనుక కొడుకు చాకిరి చేయుచుండెను. భారతదేశపు సివిల్ ప్రొసీజరు కోడు హైదరాబాదు రాష్ట్రమునకు వర్తించినది 1951లో. భగేలా, వెట్టి, పాలేరు, జీతము అను పేర్లన్నింటిని ఎత్తిచెప్పి వెట్టిచాకిరిని రద్దుచేసిన చట్టము 1976 నాటిది.

ఇక ఆస్తి మాట. 1908 నాటి కోడులోని 60వ సెక్షను జప్తుకు అందనివాటి పట్టిక. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారమునుబట్టి స్త్రీ విడువరాని ఆభరణములు, వృత్తిపనివాని పనిముట్లు, సేద్యగాని కాడియెద్దులు, విత్తనములు, ఇల్లు, ప్రభుత్వపు పింఛను, ప్రావిడెంటు ఫండు, కూలివాని కూలి ఇందులో చేరియున్నవి. ఉద్యోగి జీతములో మొదటి 1,000 రూపాయలును, మిగిలినదానిలో మూడింట రెండువంతులును జప్తుకు అందవు. 40,000 రూపాయల జీతగాని విషయమున జప్తు కాదగినది 13,000 మాత్రమే. ఒకే డిక్రీకి ఈ జప్తు మొత్తముమీద 24 నెలలు మించరాదు. మనోవర్తి డిక్రీల లెక్క వేరు. అందు జీతములో మూడవవంతునకే రక్షణ.

జూబిలీ హిల్సు, ఫిలింనగరులలో ఈ చట్టము నిత్యము ప్రయోజనపడునట్టిది. మద్రాసునుండి తరలివచ్చిన మన చిత్రపరిశ్రమ ఆ కొండలమీదనే నెలకొన్నది. 1998లో కేంద్రప్రభుత్వము పరిశ్రమగా గుర్తించువరకు చిత్రనిర్మాణమునకు బ్యాంకుల సొమ్ము దుర్లభమై, ప్రైవేటు ఫైనాన్షియర్ల ప్రోనోట్లే ఆధారమైయుండెను. అచ్చట అప్పు గొలుసుకట్టుగా సాగును: పంపిణీదారు నిర్మాతకును, నిర్మాత నటునకును, నటుడు ఫైనాన్షియరుకును బాకీ. నటునిమీద డిక్రీ పొందిన ఫైనాన్షియరు, నటునకు నిర్మాత ఈయవలసిన పారితోషికమును కోర్టుద్వారా ఆపుచేయవచ్చును. ఇట్టి స్థితిలోని నిర్మాతకు గార్నిషీ యని పేరు. అనగా ఋణికి ఋణి. 1976 సవరణచట్టము ఈ విధానమును విపులముగా కోడులో చేర్చెను. గార్నిషీ సొమ్మును కోర్టులో కట్టవలెను, లేదా కట్టనక్కరలేదనుటకు కారణము చూపవలెను. కట్టినచో నటునకు తానున్న బాకీ అంతమేరకు తీరినట్లే. కాని అప్పటికే ఏర్పడిన బాకీనే ఇట్లు పట్టవచ్చును. ఇంకను నటింపని చిత్రమునకు రాగల పారితోషికము బాకీ కాదు. అదే సెట్టుమీద దీపములు మోయు కూలివాని దినవేతనమును ఏ డిక్రీయు తాకలేదు.

డిక్రీ పొందిన పక్షము చేతులు ముడుచుకొని కూర్చుండదు. అమలునకు దానికి 12 ఏండ్ల గడువు కలదు. కావున ఋణస్థుడు తన మార్గములను ఎరిగియుండవలెను. తాను లేనప్పుడు ఎక్స్‌పార్టీ డిక్రీ అయినచో 30 దినములలో దానిని కొట్టివేయుమని కోరవచ్చును. సమను సరిగా అందనిచో ఆ గడువు డిక్రీ సంగతి తెలిసిన దినమునుండి మొదలగును. అప్పీలు చేసినంతమాత్రమున అమలు ఆగదు. స్టే వేరుగా పొందవలెను. వాయిదాలమీద చెల్లించుటకు డిక్రీకి పూర్వమే కోర్టును అడుగుట మేలు. పిమ్మటనైన డిక్రీదారుని సమ్మతి కావలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, కోర్టు వెలుపల చెల్లించిన సొమ్మును కోర్టులో నమోదు చేయించుట. నమోదు కాని చెల్లింపును అమలుచేయు కోర్టు గుర్తింపదు. ఇందుకు ఋణస్థునకున్న గడువు 30 దినములే. పెద్దమనుషుల ఎదుట పైకమిచ్చి, మరల అదే పైకమునకు జప్తు కావచ్చునని తెలియనివారు తరచు నష్టపోవుదురు.

ఏ దారియు లేనివానికి ఐ.పి. కలదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింది దరఖాస్తునకే మనవారు ఈ పొట్టిపేరు పెట్టి, దానిని తిట్టుగా మార్చిరి. ఆ చట్టము తలచినది మోసమును కాదు. ఉన్నదంతయు కోర్టునకు అప్పగించి, అప్పులవారందరికి న్యాయముగా పంచి, విముక్తి పొందుటయే దాని ఉద్దేశము. దరఖాస్తునకు పూర్వము రెండేండ్లలోపల ఆస్తిని ఊరక బంధువుల పేర వ్రాసినచో ఆ బదిలీని కోర్టు రద్దుచేయవచ్చును. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకును ఒక భాగము చేర్చిరి. 2019 డిసెంబరు 1న అది అమలునకు వచ్చినది కంపెనీల అప్పులకు హామీ నిలిచినవారి విషయమున మాత్రమే.

సివిల్ జైలు నేటికిని రద్దు కాలేదు. గరిష్ఠము మూడు నెలలు. జైలునుండి విడుదలైనంతమాత్రమున అప్పు తీరదు. ఐతే 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు పక్షమున జస్టిస్ కృష్ణయ్యరు తీర్పు చెప్పుచు, కేవలము చెల్లింపలేని పేదరికము నేరము కాదనియు, దురుద్దేశము ఋజువైననే నిర్బంధింపవలెననియు నిర్ణయించెను. పేదరికమునకు ఇంతటి రక్షణ దొరికినను, తన పేదరికమును చెప్పుకొనవలసినవాడు ఋణస్థుడే. అరెస్టునకు ముందు కారణము చూపుమని నోటీసు పంపుట సాధారణముగా పాటించు నియమము. ఆ నోటీసును దాచివేయుట తగదు. అందు వ్రాసిన వాయిదా తేదీని చూచుకొని, జీతపు లెక్కయు, చెల్లింపు రసీదులును పట్టుకొని ఆ దినమున హాజరు కావలెను.