కారు అమ్మకానికి ముహూర్తం

పెళ్ళికి ముహూర్తం పెట్టడానికి పురోహితుడున్నాడు. ఇంట్లో ముసలిదైపోయిన కారును అమ్మడానికి ముహూర్తం ఎవరు పెట్టాలి? 2022 ఉగాదికి నేను వెలుగోడు వెళ్ళేసరికి మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ అదే.

మా నాయన 1987లో కొన్న అంబాసిడర్ అది. స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందు ముగ్గురం, వెనక అయిదుగురం. నంద్యాల ఆసుపత్రికీ, మహానందికీ, తెలుగుగంగ జలాశయం కడుతుంటే చూడ్డానికీ అందులోనే వెళ్ళాం. నాయన పోయి మూడేళ్ళయినా అమ్మ పదిహేను రోజులకోసారి ఎవరినో ఒకరిని పిలిచి ఇంజను స్టార్టు చేయించేది, తుడిపించేది. బండి మాత్రం గేటు దాటేది కాదు.

మన ముందుతరం వాళ్ళకు ఈ చిక్కే లేదు. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వారు అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది 1950ల చివర్లో. ఆ తర్వాత పాతికేళ్ళపాటు మనదేశంలో కారంటే ముఖ్యంగా మూడే – అంబాసిడరు, ఫియట్టు, మద్రాసు స్టాండర్డు. ఎన్ని తయారు చేయాలన్నదీ లైసెన్సు ప్రకారమే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. చేతిలోది వదిలేస్తే మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి కారు అమ్మేవారు కారు! పట్టుచీరకు రఫ్ఫు చేయించుకున్నట్టు బాగు చేయించుకుంటూ గడిపేవారు. మనం వాళ్ళ ప్రేమ అనుకునేదాంట్లో సగం గత్యంతరం లేకపోవడమే.

1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళాలు అందించడంతో ఆ కథ మారింది. అమ్మితే ఇంకొకటి దొరుకుతుందన్న ధైర్యం నెమ్మదిగా వచ్చింది. ఆ తర్వాతే అసలు ప్రశ్న పుట్టింది: ఎప్పుడు అమ్మాలి?

ఇప్పుడు దానికి ప్రభుత్వం కూడా ఒక జవాబు చెబుతోంది. సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్ళు; ఆపైన అయిదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. పాత బండ్లను తుక్కుకు పంపే విధానాన్ని 2021 ఆగస్టు 13న ప్రకటించారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ పొడిగింపు రుసుము ఆరువందల నుంచి అయిదువేలయింది. మా బండి గడువు సరిగ్గా ఆ మే నెలలో! తుక్కుకిచ్చేద్దామని తమ్ముడు, వద్దని అమ్మ.

అదే వారంలో, ఏప్రిల్ 4న, కర్నూలు జిల్లా వెలుగోడు నంద్యాల జిల్లా వెలుగోడయింది. అమ్మకు మాట దొరికింది. "జిల్లా మారింది, ఊరు మారిందా? కాగితం మీద రాస్తే బండి ముసలిదైతాదా?" అంది. నాకు జవాబు తోచలేదు.

చివరికి నంద్యాల నుంచి మెకానిక్ భాయిని పిలిపించాం. ఇరవయ్యేళ్ళుగా ఆ బండి నాడి చూస్తున్న మనిషి. ఇంజను జోలికే పోలేదు. లోపలి చాప ఎత్తి కింది రేకును పిడికిలితో తట్టాడు.

"ఇంజను పోతే బోరు చేసుకోవచ్చమ్మా. దీనికి విడిగా చాసీ లేదు, రేకే ఎముకలు. రేకు తుప్పు తింటేనే బండికి చావు. దీని రేకు గట్టిగానే ఉండాది. అయితే మీరే నిలబెట్టి చంపుతా ఉన్నారు. బ్రేకులు పట్టేసినాయి, టైర్లు పగిలినాయి, వైర్లు ఎలుకలు కొరికినాయి" అన్నాడు.

అమ్మ ముఖం చిన్నబోయింది. తాను కాపాడుతున్నాననుకున్నది ఇన్నాళ్ళూ!

ఆ రాత్రి నాకు ఉత్తరపారా కథే గుర్తొచ్చింది. 2014 మే నెలలో అక్కడ అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఎనభై కోట్లకు ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీకి అమ్మేశారు. పరుగు ఆగిపోయాక, కన్నవాళ్ళకైనా అమ్ముకోవడానికి మిగిలేది పేరే కదా అనిపించింది.

తెల్లవారి కాఫీ ఇస్తూ అమ్మే అంది: "నడిచేటప్పుడే పంపిద్దాం పాపా. దాన్ని తోసుకుంటా పోతుంటే నేను చూడలేను."

బ్రేకులు, టైర్లు, వైర్లు బాగు చేయించాం. అయిదువేలూ కట్టి గడువు పొడిగించాం. ఆత్మకూరులో ఒక రిటైరయిన పెద్దమనిషికి, రోజూ తిప్పుతానన్న మాట మీద, చెప్పిన ధరకే ఇచ్చేశాం. లెక్క చూస్తే లాభమేమీ లేదు. కానీ ముహూర్తం ఎలా పెట్టాలో నాకు తెలిసింది. మన చేతిలో నిలిచిపోయి, ఇంకొకరి చేతిలో నడవగలిగినంత కాలమే మంచి ఘడియ. అది దాటితే మిగిలేది తుక్కు ధరే.

ఆత్మకూరు నుంచి నంద్యాల రోడ్డు మా ఇంటి ముందు నుంచే. ఆ హారను వినబడితే అమ్మ ఎక్కడున్నా గుమ్మంలోకి వస్తుంది. బండి మలుపు తిరిగేదాకా చూసి, "గేరు ఆలస్యంగా మారుస్తాడు, మీ నాయన అట్ల చేసేవాడు కాదు" అని విసుక్కుంటుంది.

జన్మలో ఒక్కసారి కూడా ఆవిడ స్టీరింగు పట్టుకుని ఎరగదు!