మన ఊరివాళ్ళెవరు నాన్నా?

2024 నవంబర్ 18, సోమవారం. రాత్రి ఏడున్నరకి గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఇండియా, మలేషియా ఫ్రెండ్లీ మ్యాచ్. సాయంత్రం మీటింగు ఒకటి ఎలాగోలా మధ్యాహ్నానికి జరిపించుకుని, బడి నుంచి వచ్చిన పాపని స్కూటర్ మీద ఎక్కించుకుని బయల్దేరాను. దానికి ఎనిమిదేళ్ళు. అప్పటిదాకా ఫుట్‌బాల్ అంటే దానికి టీవీ, వాళ్ళ బాబాయి ఫోను. ఒంటిమీద గులాబీ రంగు మెస్సీ చొక్కా, కొండాపూర్‌లో ఫుట్‌పాత్ మీద కొన్నది.

లోపలికెళ్ళి కూర్చోగానే మొదటి ఫిర్యాదు: "ఇంత చిన్నగా ఉన్నారేంటి?" నిజమే. అది అథ్లెటిక్స్ కోసం కట్టిన స్టేడియం. మనకీ ఆటకీ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంటుంది. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ముందుకి దూసుకొచ్చి బంతి అందుకోలేకపోయాడు, పౌలో జోసుయే ఖాళీ గోల్‌లోకి కొట్టేశాడు. 39వ నిమిషంలో బ్రాండన్ ఫెర్నాండెజ్ కార్నర్ కొడితే రాహుల్ భేకే తలతో గోల్ చేశాడు. స్టాండ్ మొత్తం ఒక్కసారి లేచి నిలబడింది. పాప లేచేసరికి దాని ముందున్నవి జనాల వీపులే. లైవ్‌లో మనవాళ్ళు కొట్టిన మొదటి గోల్ అది చూడలేదు.

"మళ్ళీ వెయ్యరా?" అంది.

"వెయ్యరు. అయిపోయింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. హాఫ్ టైమ్‌లో పాప్‌కార్న్ తింటూ అడిగింది: "వీళ్ళలో మన ఊరివాళ్ళెవరు నాన్నా?"

పేర్లన్నీ మనసులో ఒకసారి తిప్పి చూశాను. పంజాబ్, మణిపూర్, గోవా, మిజోరం, ముంబై. హైదరాబాద్ ఆటగాడు ఒక్కడూ లేడు. మ్యాచ్ 1-1తో ముగిసింది. "మరి మన ఊరివాళ్ళు ఫుట్‌బాల్ ఆడరా?" అంటే "ఒకప్పుడు ఆడేవాళ్ళు" అని ఊరుకున్నాను. ఆ "ఒకప్పుడు" అన్న మాట వెనక ఎంత ఉందో నాకే సరిగ్గా తెలీదని ఇంటికొచ్చాక అర్థమైంది. తర్వాత చదువుకున్నది ఇక్కడ రాస్తున్నాను, అది ఇంకొంచెం పెద్దయ్యాక చదువుతుందని.

*

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. నిజాం రాజ్యం పోయింది. ఆ తర్వాతి రోజుల భయాల గురించి, ఊడిపోయిన ఉద్యోగాల గురించి, ఊళ్ళు విడిచి వెళ్ళినవాళ్ళ గురించి మన కథల్లో, నవలల్లో కొంతైనా వచ్చింది. ఆ కథల్లో రాని విషయం ఒకటుంది. పోలీస్ యాక్షన్ జరిగిన దాదాపు రెండేళ్ళకే, అదే ఊరి పోలీసు టీం, ఎక్కువమంది పాతబస్తీ ముస్లిం కుర్రాళ్ళున్న టీం, బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ గెలుచుకొచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు ఆ కప్పు హైదరాబాద్ సిటీ పోలీస్‌దే. ఢిల్లీలో ఆడే డ్యూరాండ్ కప్‌ని 1950లో మోహన్ బగాన్‌ని ఓడించి గెలిచారు, 1954లో మళ్ళీ గెలిచారు.

ఆ కుర్రాళ్ళకి ఆ గెలుపులు ఏమిటో నేను ఊహించగలను గానీ చెప్పలేను. దేశంలో కొత్తగా కలిసిన ఊరు, అనుమానంగా చూడబడుతున్న ఊరు, ఆటలో మాత్రం దేశానికి పాఠం చెప్పింది. ఆ టీంకి కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం నిజంగానే పాఠాలు చెప్పుకునే మనిషి. 1909లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, బడిపంతులుగా పనిచేశాడు. 1950 నుంచి సిటీ పోలీస్‌కి కోచ్, ఆ వెంటనే ఇండియాకి కూడా.

ఆయన పద్ధతి ఏంటంటే, బంతి దగ్గర పెట్టుకుని విన్యాసాలు చేయనివ్వడు. ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాలి, ఇచ్చి ఖాళీ చోటికి పరిగెత్తాలి. కుడికాలు వాటమున్నవాళ్ళతో ఎడమకాలితో మాత్రమే ఆడాల్సిన మ్యాచ్‌లు ఆడించేవాడని చెబుతారు. వ్యక్తి ప్రతిభ మీద నడిచే ఆటని ఒక వ్యవస్థగా మార్చాడన్నమాట. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడిని కాబట్టి నాకు ఇది వెంటనే ఎక్కింది. ఒక హీరో రాసిన కోడ్ కంటే, ఎవరొచ్చినా నడిపించగలిగే కోడ్ ఎక్కువకాలం బతుకుతుంది. కానీ ఆ వ్యవస్థ కూడా రహీం ఒక్కడి తలలోనే ఉండిపోయిందేమో అన్న అనుమానం తర్వాత వచ్చింది.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనని 10-1తో ఓడించింది. మనవాళ్ళలో చాలామంది ఆ చలిలో వట్టికాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళ తర్వాత, 1956 డిసెంబర్ 1న, మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించి సెమీఫైనల్‌కి వెళ్ళారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. చివరికి నాలుగో స్థానం. ఆ జట్టులో అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నారు. ఆరుగురూ హైదరాబాద్, సికింద్రాబాద్ మైదానాల్లో ఆట నేర్చుకున్నవాళ్ళు. పాప అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే, కాకపోతే 68 ఏళ్ళ కిందటిది.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. 1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం రద్దయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆస్ట్రేలియా మ్యాచ్‌కి సరిగ్గా నెల ముందు. వీళ్ళు మెల్‌బోర్న్‌లో ఆడే వేళకి వీళ్ళు పుట్టిన రాష్ట్రం మ్యాపులో లేదు. అయినా సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ పేరుతోనే ఒక జట్టు 1956-57లోనూ, 1957-58లోనూ విజేతగా నిలిచింది. 1961లో డ్యూరాండ్ గెలిచేనాటికి మాత్రం సిటీ పోలీస్ పేరు ఆంధ్ర పోలీస్‌గా మారిపోయింది.

1962 సెప్టెంబర్ 4, జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్, తైవాన్‌లని రానివ్వకపోవడం మీద మన దేశ ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం ఇండియా అంటే మండిపడుతున్నారు. దాదాపు లక్షమంది ఎదురుగా, దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం. పీకే బెనర్జీ ఒక గోల్, తలకి కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్. బలరాం, తంగరాజ్, యూసుఫ్ ఖాన్ ఈ ఊరివాళ్ళు. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. ఏషియాడ్ ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ళకి మళ్ళీ బంగారం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే.

*

మరి ఏమైంది? "రహీం పోయాడు, అంతా పోయింది" అని చెప్పుకోవడం తేలిక. అది సగమే నిజం. రహీం పోయాక కూడా ఈ ఊరు ఆటగాళ్ళని ఇస్తూనే ఉంది: నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ. అయితే వాళ్ళు పేరు తెచ్చుకున్నది కోల్‌కతాలో. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకున్నప్పుడు, ఆ రెండింట్లో ఒకటి మన మహమ్మద్ హబీబ్ కొట్టిన గోల్. బెంగాల్లో ఆయన్ని "బడే మియా" అంటారు. 2023 ఆగస్టు 15న ఇక్కడే, హైదరాబాద్‌లో, కన్నుమూశాడు. ఆ వార్త చూసినప్పుడు ఆ పేరు నాకు తెలీదు. సిగ్గుగా ఉన్నా ఒప్పుకోవాలి.

కోల్‌కతాకి ఉన్నది, మనకి లేనిది ఏంటి? మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో. అక్కడ పిల్లలకి ఫలానా క్లబ్బు మనది అన్న సంగతి ఉగ్గుపాలతో వస్తుంది. తాత తండ్రిని తీసుకెళ్ళాడు, తండ్రి కొడుకుని తీసుకెళ్ళాడు. హైదరాబాద్ టీం పోలీసు డిపార్ట్‌మెంటుది. అది ఆటగాడికి జీతం ఇచ్చింది, పెన్షన్ ఇచ్చింది, పేదింటి కుర్రాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ డిపార్ట్‌మెంటుకి వారసులు ఉండరు. టికెట్టు కొనుక్కుని తరతరాలుగా వచ్చే ఇళ్ళ మీద నిలబడిన క్లబ్బు ఇక్కడ తయారుకాలేదు.

ఇంకొక కారణం మనలాంటివాళ్ళం. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. ఆ తర్వాత జిల్లాల నుంచి వచ్చి మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్ళలో దిగినవాళ్ళకి ఫతే మైదాన్ జ్ఞాపకాలు ఎక్కణ్ణించి వస్తాయి? ఆ జ్ఞాపకాలు ఉర్దూలో ఉన్నాయి, ఇంగ్లీషు పత్రికల ఆటల పేజీల్లో ఉన్నాయి, ఆ ఆటగాళ్ళని చూసిన బెంగాలీల దగ్గర ఉన్నాయి. తెలుగులో వెతికితే నాకు దొరికినవి ఏ నాలుగు ముక్కలో. రహీం మీద 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది, అదీ హిందీలోనే. మా నాన్న రేడియోకి చెవి ఆనించి క్రికెట్ వినేవాడు. నాకు ఫుట్‌బాల్ హాస్టల్ టీవీలో దొరికింది. అందుకే "నీ టీం ఏది" అని అడిగితే ఇరవయ్యేళ్ళుగా నేను చెప్పే ఊరు మాంచెస్టర్.

ఆ సోమవారం రాత్రి స్టాండ్స్‌లో మా వెనక వరస మొత్తం మలయాళం, పక్కన బెంగాలీ. ఇదే కారిడార్‌లో పనిచేసేవాళ్ళే. వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకున్న ఆట అది. ఆరు వారాల తర్వాత, డిసెంబర్ 31న, అదే స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగితే ఆడింది కేరళ, బెంగాల్. రాబీ హన్స్‌దా చివరి నిమిషాల్లో కొట్టిన గోల్‌తో బెంగాల్ గెలిచింది. మనం మైదానం ఇచ్చాం.

*

2002 జాతీయ క్రీడల కోసం కట్టిన ఆ స్టేడియానికి 2019లో ఒక సొంత టీం దొరికింది, హైదరాబాద్ ఎఫ్‌సీ. మొదటి సీజన్లో అట్టడుగున ఉంది. తర్వాత రెండు సీజన్లు కోవిడ్ వల్ల లీగ్ మొత్తం గోవాలోనే జరిగింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 అయ్యాక, కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు తెచ్చాడు. కోచ్ మానొలో మార్కెజ్. మేం చూసిన మలేషియా మ్యాచ్‌లో ఇండియా కోచ్‌గా పక్కగీత దగ్గర నిలబడింది ఈయనే. అంటే ఊరి పేరు పెట్టుకున్న టీం, రెండేళ్ళపాటు ఊళ్ళో ఒక్క మ్యాచ్ ఆడకుండానే ఛాంపియన్ అయింది. తండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళాల్సిన ఏళ్ళవి. స్టాండ్స్‌కి తాళాలున్నాయి.

2023-24కి డబ్బు కష్టాలొచ్చాయి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, మళ్ళీ అట్టడుగు. 2025 అక్టోబర్‌లో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. రెండు నెలలకి, డిసెంబర్ 13న, మెస్సీ ఉప్పల్ వచ్చాడు. ముఖ్యమంత్రితో కలిసి బంతి తన్నాడు, స్టేడియం ఊగిపోయింది. ఆ వారం మా ఆఫీసులో వేరే కబురు లేదు. ఊరి క్లబ్బు వెళ్ళిపోయిన వారం ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా అనలేదు.

మెస్సీని చూడ్డానికి మేం వెళ్ళలేదు. పాప రెండు రోజులు అలిగింది. అలక తీర్చడానికి రెండు కథలు చెప్పాను. ఒకటి గుగులోత్ సౌమ్యది. నిజామాబాద్ జిల్లా పిల్ల, 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఆలిండియా ఫెడరేషన్ ఎంపిక చేసిన అమ్మాయి. "మన ఊరివాళ్ళెవరు" అన్నదానికి జవాబు, ఈసారి ఇప్పటిది. వెంటనే ఫోన్ లాక్కుని ఆమె గోల్స్ వెతికింది.

రెండోది బలరాంది. సికింద్రాబాద్ అవతల అమ్ముగూడలో పేదింటి కుర్రాడు. రహీం ఆట చూసి ప్రాక్టీసుకి రమ్మన్నాడు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవు. రహీం తన జేబులోంచి అద్దె సైకిల్‌కి డబ్బులిచ్చాడు. పెద్దయ్యాక బలరాం చెప్పుకున్న సంగతి ఇది. ఒలింపిక్స్‌లో ఆడాడు, కోల్‌కతా వెళ్ళాడు, 2023 ఫిబ్రవరిలో పోయేదాకా ఆ పక్కనే ఉండిపోయాడు.

పాప మ్యాపులో అమ్ముగూడ వెతికించింది. అక్కణ్ణించి ఫతే మైదాన్‌కి, అంటే ఇప్పటి ఎల్బీ స్టేడియానికి, గీత గీసి చూసింది. సైకిల్ మీద వెళ్ళడానికీ రావడానికీ ఎంతసేపు పడుతుందో లెక్కలు వేసింది. తర్వాత అడిగింది:

"అద్దె సైకిల్ అంటే సాయంత్రానికి మళ్ళీ తిరిగి ఇచ్చెయ్యాలి కదా నాన్నా?"

"ఇచ్చెయ్యాలి" అన్నాను.