కల్పితయుద్ధమున వీరునికి విశ్రాంతి

చదరంగము యుద్ధమునకు ప్రతిబింబము. రాజు, మంత్రి, ఏనుగులు, గుఱ్ఱములు, బంట్లు అన్నియు కలవు. నెత్తురు మాత్రము లేదు. ఈ కల్పితయుద్ధమున జట్టునాయకుడు తన మేటి ఆటగానిని ఎప్పుడు బల్లయొద్ద కూర్చుండబెట్టవలెను, ఎప్పుడు ప్రక్కన నుంచవలెను? ఇటీవలి చరిత్రలో మన తెలుగువారు పాల్గొనిన రెండు ఘట్టములను బట్టి ఈ ప్రశ్నను విచారింతము.

మా నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో గుడి అరుగుల బండలమీద పులిజూదపు గీతలు కానవచ్చుచుండును. మూడు పులులు, పదునైదు మేకలు, ఆడువారిద్దరు. పాలమూరు జిల్లావారైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ ఆంధ్రుల సాంఘిక చరిత్రలో పూర్వుల ఆటపాటలకు తగిన చోటిచ్చిరి. శ్రీకృష్ణదేవరాయలతో చదరంగమాడి గెలిచి బొడ్డుచెర్ల తిమ్మన్న కొప్పోలు గ్రామమును బడసెనని ప్రతీతి. ఈ ఆటలన్నియు ఇద్దరి నడుమ జరుగునవి. అలసినచో ఆట కట్టిపెట్టి లేచిపోవుదురు. ఎవరికి విశ్రాంతి యొసగవలెనను చిక్కు అచ్చట పుట్టనే పుట్టదు.

జట్లుగా నాడు ఒలింపియాడులో ఆ చిక్కు పుట్టినది. ఇది 1927లో లండను నగరమున ఆరంభమైనది. 2008 నుండి జట్టునకు ఐదుగురు, ఆటకు నాలుగు బల్లలు, మొత్తము పదునొకండు రౌండులు అను పద్ధతి నడచుచున్నది. కావున ప్రతిదినము ఒకరు కూర్చుండక తప్పదు. వారెవరో నిర్ణయించువాడు నాయకుడు. ఎదుటి జట్టు ఎవరిని నిలుపునో తెలియకముందే అతడు తన పట్టికను వ్రాసి యిచ్చివేయవలెను. ఇంకొక సూక్ష్మమున్నది. మొదటి బల్లవాడు విశ్రమించినచో రెండవవాడు మొదటికిని, మూడవవాడు రెండవదానికిని జరుగుదురు. ఒక్కనికి విశ్రాంతి యొసగిన తక్కిన వారందరికిని ప్రత్యర్థులు మారిపోవుదురు. ఒక్కొక్క ఆట నాలుగైదు గంటలు సాగుటయు కలదు. బల్లమీది ఏనుగు అలయదు. దానిని జరుపువాడు అలయును.

భారతము చదివినవారికి ఇది క్రొత్త విషయము గాదు. భీష్ముడు సేనాపతిగా నున్న పది దినములు కర్ణుడు యుద్ధమునకు రాలేదు. అది విశ్రాంతి గాదు, పంతము. దానివలన కౌరవులకు నష్టమే కలిగినది. శ్రీకృష్ణుని పద్ధతి వేఱు. ఇంద్రుడిచ్చిన శక్తి కర్ణునియొద్ద నున్నంతకాలము అర్జునుని అతని కెదురుగా పోనీయలేదు. పదునాలుగవనాటి రాత్రి ఘటోత్కచునిపై ఆ శక్తి వ్యయమైన పిమ్మటగాని అడ్డు తొలగలేదు. మేటివానిని ఆపుట భయముచేత గాక కాలజ్ఞానముచేత జరిగిన సందర్భమిది. ఐతే కృష్ణునికి శత్రువు చేతిలోని ఆయుధము తెలియును. చదరంగపు నాయకునికి ఆ సౌకర్యము లేదు.

2022వ సంవత్సరమున మామల్లపురమున జరిగిన ఒలింపియాడునకు వత్తము. భారతమహిళల మొదటి జట్టులో గుడివాడ బిడ్డయైన కోనేరు హంపి, గుంటూరునకు చెందిన ద్రోణవల్లి హారిక, వైశాలి, తానియా సచ్‌దేవ్, భక్తి కులకర్ణి యుండిరి. హారిక అప్పుడు నిండునెలల గర్భిణి. పది రౌండులు ముగియునప్పటికి మనవారు ఒంటరిగా అగ్రస్థానమున నిలిచిరి. కడపటి రౌండులో అమెరికా జట్టు ఎదురైనది. ఆ దినమున హారిక బల్లయొద్ద లేదు. హంపి, వైశాలి సమానము చేసికొనిరి. తక్కిన రెండు ఆటలును పోయినవి. స్వర్ణము ఉక్రెయినునకు, రజతము జార్జియాకు దక్కగా, మనకు కాంస్యము మిగిలినది.

ఆమె ఆడియున్నచో ఫలితము వేఱుగా నుండెడిదను వాదము నాకు రుచింపదు. బిడ్డను మోయుచు గంటలకొలది కుర్చీలో నిశ్చలముగా కూర్చుండుటయే ఒక వీరకృత్యము. పతకము కొఱకు ప్రసవదినముతో పందెము కాయుట ఏ శాస్త్రమును ఒప్పుకొనదు. ఒలింపియాడున భారతమహిళలు గెలిచిన మొదటి పతకము ఆ కాంస్యమేయని మఱచి చింతించువారిని చూచిన నాకు నవ్వు వచ్చును. హంపియు మాతృత్వము కొఱకు రెండేండ్లు ఆటకు దూరముగా నుండి, తిరిగివచ్చిన పిమ్మట 2019 డిసెంబరున మాస్కోలో ప్రపంచ ర్యాపిడు విజేత యైనది. ఐనను దీర్ఘవిశ్రాంతి వేఱు, ఒక్కపూట విశ్రాంతి వేఱు. మొదటిది ఆటగత్తె తనకు తాను నిర్ణయించుకొనునది. రెండవది ఇంకొకరు నిర్ణయింతురు. అందుచేతనే ఈ రెండవది నొప్పి కలిగించును.

పాఠశాలల ఆటలపోటీలలో పరుగున మేటియైన కుఱ్ఱవానిని అన్ని పందెములలోను నిలిపి, సాయంకాలమునకు వాని కాళ్లు వణకునట్లు చేయు ఉపాధ్యాయులను నేను చూచితిని. అట్టివారు 2024 సెప్టెంబరున బుడాపెస్టు నగరమున జరిగినదానిని తిలకింపవలసినది. పురుషుల జట్టునకు శ్రీనాథ్ నారాయణన్ నాయకుడు. మొదటి బల్లకు నియమింపబడిన గుకేష్‌ను మొదటి రౌండుననే ప్రక్కన నుంచిరి. మొరాకోపై నాలుగాటలును గెలిచిరి. బలము తక్కువగా నున్న శత్రువు ఎదురైననాడే మేటివానికి విశ్రాంతి యొసగుట లోకమెఱిగిన నీతి. అసలు చమత్కారము ఓరుగల్లు యువకుడు అర్జున్ ఎరిగైసి విషయమున నున్నది. జట్టులో అందరికంటె హెచ్చు రేటింగు గల యతనిని మూడవ బల్లయొద్ద నుంచిరి. పదునొకండు రౌండులలో ఒక్కదినమైనను విశ్రాంతి యీయలేదు. అతడు పదునొకండింట పది పాయింట్లు తెచ్చెను. గుకేష్ పదింట తొమ్మిది తెచ్చెను. ఒకనికి విశ్రాంతి, ఇంకొకనికి విరామములేని శ్రమ. రెండును ఒకే నాయకుని తీర్పులు, రెండును ఫలించినవి. మనజట్టు పది గెలుపులతో, ఒక్క సమానముతో స్వర్ణము గైకొన్నది.

ఇందు మఱువరాని వ్యక్తి గుంటూరు పెంటేల హరికృష్ణ. 2001లోనే గ్రాండుమాస్టరైన యనుభవశాలి మూడు రౌండులు మాత్రమే ఆడి, ఎనిమిది రౌండులు ప్రక్కన నుండెను. ఇతరుల విశ్రాంతికి తన విశ్రాంతిని వెలగా నిచ్చిన ఇట్టివారి పేరు పతకముల పట్టికలో పెద్దదిగా కనబడదు. ఆ డిసెంబరున గుకేష్ ప్రపంచవిజేత యైనప్పుడు అతనికి తోడ్పడిన బృందమున హరికృష్ణయు నుండెను.

అచ్చటనే మహిళల జట్టులో హారిక మరల మొదటి బల్లకు వచ్చినది. ఎనిమిదవ రౌండున పోలండు చేతిలో మనవారు ఓడిరి, ఆమెయు ఓడినది. తొమ్మిదవదానిలో ఆమెను ఆడింపలేదు. పదియవదానిలో మరల నిలువగా చీనా ఓడినది. కడపటి దినమున అజర్‌బైజాను ఎదురుగా రాగా, రెండేండ్లక్రిందట కడపటి దినమున లేని హారిక ఈ పర్యాయము నల్లపావులతో గూనయ్ మమ్మద్‌జాదాను గెలిచినది. భారతమహిళలకు ఒలింపియాడున మొదటి స్వర్ణము ఆనాడు లభించినది.